సుక్క పిల్లా, గవిరి పిల్లా

రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళలో పదకొండేళ్ళుగా పురుళ్ళు పోస్తున్నాను. కాలవగట్ల మీద నడిచి వెళ్ళలేని ఊళ్ళకు జట్కా మీద వెళ్తాను. జట్కా నాది, తోలేది మస్తాన్. ఆయనకు అరవై దాటాయి. పోయిన కార్తికంలో మా ముసలి గుర్రం చచ్చిపోయింది. అప్పటినుంచీ నేను నడిచి చేరేసరికి రెండుచోట్ల బిడ్డ పుట్టేసింది, ఒకచోట పుట్టి పోయింది కూడా.

చోడవరం దగ్గర ఒక జమీందారుగారి లాయంలో గుర్రాలు అమ్ముతున్నారని మస్తాన్‌కు ఎవరో చెప్పారు. జమీందారీలు పోయాక మేపలేక ఒక్కొక్కటీ వదిలించుకుంటున్నారట. అయిదేళ్ళ ఆడగుర్రం, చూలుతో ఉంది, తొలి కాన్పు, తల్లీ పిల్లా కలిపి ఒకే ధర అని ఉత్తరం వచ్చింది. ఆస్పత్రిలో ఆరు రోజులు సెలవు పెట్టి మస్తాన్‌ను వెంటబెట్టుకుని బయల్దేరాను.

మా గోదావరి వైపు నుంచి చోడవరం వెళ్ళినవాళ్ళు తక్కువ. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను. చూసిందంతా నాకు అర్థమైందని మాత్రం అనుకోకండి.

సామర్లకోటలో రైలెక్కాక

తుని దాటేదాకా పెట్టెలో అందరి మాటా నా మాటలాగే ఉంది. తర్వాత మారిపోయింది. ఎదురుగా బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. రావికమతం వెళ్తోంది. నవ్వుతూ నాతో అంది:

"మా గుంట నీలాడింది తల్లీ. సూసి వస్తన్నాను."

మా వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే గొయ్యి. "గుంటలో పడి తడిసిందా అమ్మా? ఎవరు?" అన్నాను కంగారుగా.

ఆవిడ నా ముఖం చూసి, పక్కనున్నామె ముఖం చూసి పడి పడి నవ్వింది. "నా కూతురమ్మా! నీలాడింది. పురుడొచ్చింది. మగపిల్లడు."

ఇన్ని వందల పురుళ్ళు పోసినదాన్ని, పురుడు అన్న మాటే తెలియకుండా కూర్చున్నాను. ఆవిడ బుట్ట విప్పి అటుకులూ కొత్తబెల్లం ముక్కా చేతిలో పెట్టింది. బెల్లం తేనె రంగులో ఉంది, కొరికితే పచ్చి చెరకు వాసన. గుర్రం కోసం వెళ్తున్నామని చెబితే, "తొలిసూలుదా?" అని అడిగింది.

"అవును."

"జాగర్తమ్మా. తొలిసూలుది దేన్ని సూసినా బెదురుతాది. దాని పిల్లని సూసి కూడా బెదురుతాది."

తల్లి బిడ్డను చూసి బెదరడమేమిటని మనసులో నవ్వుకున్నాను.

అనకాపల్లి బస్సు

అనకాపల్లిలో దిగగానే ఊరంతా ఒకే వాసన, బెల్లం వాసన. అణాకు పెద్ద గ్లాసుడు చెరకురసం ఇచ్చారు. మా ఊళ్ళో ఆ డబ్బుకు సగం కూడా రాదు. కాఫీలో కూడా బెల్లమే. మొదటి గుక్క వింతగా అనిపించింది, రెండో గ్లాసు నేనే అడిగాను.

బస్సులో నా తలమీద అటకలాంటిదాని మీద ఎవరో బెల్లపు దిమ్మెల గంప పెట్టారు. ఎండకు అది కరిగి బొట్టుబొట్టుగా నా భుజం మీద కారిందని చోడవరంలో దిగేదాకా నాకు తెలియదు. నాది తెల్లచీర. పద్నాలుగో ఏట భర్త పోయినప్పటినుంచీ తెల్లచీరే. దిగి చూసుకుంటే ఎడమ భుజం నుంచి నడుందాకా గోధుమరంగు చార. కాసేపటికి చీమలు కూడా వచ్చాయి.

"ఊరు మిమ్మల్ని తీపిగా పలకరించిందమ్మగారూ," అన్నాడు మస్తాన్. నాకు నవ్వు రాలేదు.

లాయం

లాయం ఊరికి అవతల దేవరాపల్లి దారిలో ఉంది. ముప్పై గుర్రాలు కట్టే చోటట. ఇప్పుడు పైపెంకులు జారిపోయి, గుంజలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. మిగిలినవి రెండే రెండు. వాటిని చూసుకునేవాడు సన్యాసి, యాభై ఏళ్ళవాడు, మాట తక్కువ. అతని భార్య పైడమ్మకు మాట ఎక్కువ.

మేము కొనబోయేది సుక్క. నలుపు. నుదుటి మీద రూపాయి అంత తెల్లచుక్క ఉండటంతో ఆ పేరు. పొట్ట పక్కలకు దిగిపోయి ఉంది. మమ్మల్ని చూసి చెవులు నిక్కించి గోడకు ఆనుకుంది. పక్క గదిలో ఉన్నది గవిరి. ఎర్రది, పద్నాలుగేళ్ళది. వెదురుగడ మీదనుంచి మెడ చాచి నా చీర మీది బెల్లపు చార నాకడం మొదలుపెట్టింది. దాని నాలుక వెచ్చగా, గరుగ్గా తగిలింది. చూస్తే పొదుగు నిండా పాలు, ఒక చుక్క గడ్డి మీద పడింది.

"దీనికి పిల్ల ఉందా?" అన్నాను.

"ఉంటే ఇలగెందుకుంటాది తల్లీ?" అంది పైడమ్మ. "పదకొండు రోజులయింది. సచ్చిన పిల్లనేసింది. ఒక రోజంతా దాని మీదనే నిలబడిపోనాది, మమ్మల్ని రానివ్వలేదు. మా ఆయన ఎలగో లాక్కెల్లి చెరుకు తోట గట్టున కప్పెట్టేడు. ఇప్పటికీ ఇప్పితే అక్కడికే ఎల్తాది. పొదుగు రాయయిపోతాదని రోజూ పాలు నేనే పిండి పారబోత్తన్నాను."

గవిరిని కూడా అమ్మేశారు. బుచ్చయ్యపేట నుంచి రామునాయుడనే ఆసామి శుక్రవారం వచ్చి తోలుకుపోతాడట.

ఆ పూట పైడమ్మ చోడంబలి పోసింది. చోళ్ళు అంటే మన రాగులే. ఉల్లిపాయ, మిరపకాయ, వేయించిన నెత్తళ్ళు నంజుకోవడానికి. నాకు నీసు అలవాటు లేదు, మస్తాన్ నా వంతు కూడా తిన్నాడు. తినేటప్పుడు పైడమ్మ అడిగింది:

"నీకెంతమంది పిల్లలు నర్సమ్మా?"

"లేరు."

"మరీ పని ఎలగ నేర్సేవు?"

చదువుకుని నేర్చుకున్నానని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

కాపలా

మర్నాడు పొద్దున మస్తాన్ సుక్క చన్నులు చూసి, చివర్ల మైనంలాంటి బొట్లు కట్టాయి, ఒక రోజులో ఈనుతుందన్నాడు. నేను నీళ్ళు కాయించాను, కత్తెర ఉడికించాను, నూలు దారం సిద్ధం చేశాను. చేతులు కడుక్కుని గది ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాను.

రోజంతా ఏమీ జరగలేదు. సుక్క నడిచేది, తోక కొట్టుకునేది, నన్ను చూసి ఆగిపోయేది. మనుషుల్లోనయితే ఎప్పుడు నొప్పి వస్తోందో, ఎంతసేపు పడుతుందో ముఖం చూసి చెప్పగలను. ఇక్కడ ముఖం ఎక్కడ చూడాలో కూడా తెలియలేదు. చెవులు చూడమన్నాడు మస్తాన్. చెవులు అటు తిరిగేవి, ఇటు తిరిగేవి. ఏం చెప్తున్నాయో!

రాత్రి వంతులు వేసుకుని కాచాం. తెల్లవారింది. సుక్క నిలబడే ఉంది.

"నువ్వలగ కళ్ళప్పగించి సూత్తంటే ఏ ఆడదయినా కంటాదేటి? లెగు, అంబలి తాగు," అంది పైడమ్మ.

నలుగురం వాళ్ళ ఇంటి ముందుకు వెళ్ళి కూర్చున్నాం. ముంత సగం కూడా తాగలేదు. లాయం వైపునుంచి వెదురు విరిగిన చప్పుడు వచ్చింది.

పుట్టిన పూట

పరుగెత్తి చూస్తే పిల్ల నేల మీద ఉంది. తడిగా, గోధుమరంగుగా, కాళ్ళు మాత్రమే ఉన్నట్టు. మాకోసం అరగంట కూడా ఆగలేదు ఆ సుక్క. అదేమో ఆ మూల గోడకు వీపు ఆనించి, ముక్కుపుటాలు ఎగరేస్తూ, ఎవరో పామును తెచ్చి గదిలో పడేసినట్టు పిల్లనే చూస్తోంది. మధ్యగడ రెండుగా విరిగి ఉంది. గవిరి లోపలికి వచ్చి పిల్ల మీదకు వంగింది. గొంతులోనే ఏదో గురగురమంటోంది, పళ్ళు కనిపిస్తున్నాయి.

చంపేస్తోందనుకున్నాను. గోడకున్న కర్ర తీసి గవిరి ముక్కు మీద ఒక్కటి వేశాను. అది కదల్లేదు. ఇంకొకటి వేశాను. కళ్ళు మూసుకుందేగాని తల ఎత్తలేదు.

"అమ్మా! కొట్టకండి! నాకుతోంది!" అని మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

నిజమే. ముక్కు మీది పొర తీసేసి నాకుతోంది. పిల్ల తుమ్మింది. నేను కర్ర పట్టుకుని నిలబడిపోయాను. గవిరి ముక్కు మీద చర్మం లేచి ఎర్రగా కనిపించింది.

పిల్ల లేచింది, పడింది, మళ్ళీ లేచింది. సన్యాసి దాన్ని ఎత్తి సుక్క పొదుగు దగ్గర పెట్టాడు. సుక్క కీచుమని అరిచి వెనక కాలు విసిరింది. బకెట్టు ఎగిరి నా మోకాలికి తగిలింది. సుక్క ముందుకాలు ఎత్తి పట్టుకుని పిల్లను మళ్ళీ పెట్టారు. ఈసారి కొరకబోయింది.

"ఒగ్గీయ్! గవిరి పాలు ఉన్నాయి కదా, తాగనీ," అంది పైడమ్మ.

అక్కడ మాత్రం నాకు తెలిసింది చెప్పాను. బిడ్డకు మొదట కావలసింది ముర్రుపాలు. గవిరి పాలు పదమూడు రోజులవి. ముర్రుపాలు పారబొయ్యకండని మా వైపు అత్తలతో, అమ్మమ్మలతో నేను రోజూ పోట్లాడే పోట్లాట అదే. మస్తాన్ ముఖతాడు పట్టుకుని సుక్క చెవి దగ్గర ఏదో పాడుతున్నట్టు మాట్లాడుతుంటే, సన్యాసి కాలు ఎత్తి పట్టుకుంటే, నేను దాని కింద కూర్చుని పిండాను. పొదుగు కాలిపోతోంది. జిగటగా, పసుపుగా పాలు వచ్చాయి. పైడమ్మ వాళ్ళ మనవడి ఉగ్గుగిన్నె తెచ్చింది. గంటకోసారి పిండి పట్టాం. తాగించినంతసేపూ గవిరి నా తల మీద ఊపిరి వదులుతూ నిలబడింది. కొట్టినదాన్ని కరుస్తుందేమోనని భయపడ్డాను. కరవలేదు.

పిల్ల ఆడది. సాయంత్రానికల్లా గవిరి దగ్గరే పాలు తాగింది, గవిరి కాళ్ళ దగ్గరే పడుకుంది.

సుక్క అరిచిన రోజు

ఇంతటితో అర్థమైందనుకున్నాను. కన్నది ఒకతి, పెంచేది ఇంకొకతి. మనుషుల్లోనూ ఉన్నదే.

మర్నాడు పొద్దున నేను పాలు పిండటానికి కూర్చుంటే సుక్క కాలు ఎత్తలేదు. పొదుగు వాపు తగ్గింది. పిండుతుండగా పిల్ల అటుగా వచ్చింది. సుక్క మెడ తిప్పి దాని వీపు వాసన చూసింది. తోక వాసన చూసింది. నిన్న గవిరి గొంతులో విన్న గురగుర ఇప్పుడు సుక్క గొంతులో విన్నాను.

"ఏమైంది దీనికి? నిన్న చంపబోయిందే!" అన్నాను.

"నిన్న నొప్పమ్మా," అన్నాడు సన్యాసి. మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది. "పొదుగు ముట్టుకుంటే పేనం పోయేది. ఇప్పుడు తగ్గింది."

అంత చిన్న సంగతి నాకు తోచలేదు. పొదుగు కాలిపోతోందని నా చేతులతోనే చూశాను కదా! చెడ్డ తల్లి అని మాత్రం మనసులో రాసేసుకున్నాను.

గవిరి మాత్రం ఒప్పుకోలేదు. చెవులు వెనక్కి పెట్టి మధ్యలో నిలబడింది. సుక్క ఇటు వస్తే ఇటు, అటు వస్తే అటు. ఒకసారి సుక్క మెడ కొరికింది. సుక్క ఆ పూటంతా అరుస్తూనే ఉంది. గవిరిని కాసేపు బయట కట్టి చూశాం. పిల్ల సుక్క దగ్గర సుబ్బరంగా తాగింది. గవిరిని లోపలికి తెచ్చాం. దాని దగ్గరా తాగింది. పిల్లకు ఏ గొడవా లేదు.

"సుక్కదే. కన్నది అదే కదేటి?" అన్నాడు సన్యాసి.

"కంటే సరా? గవిరి లేకపోతే పొర ముక్కుకడ్డమొచ్చి సచ్చిపోయేది," అంది పైడమ్మ.

"తల్లీ పిల్లా అని రాసుకున్నాం అమ్మగారూ," అన్నాడు మస్తాన్.

"ఏ తల్లి?" అన్నాను.

బుచ్చయ్యపేట దారి

శుక్రవారం పొద్దున రామునాయుడు వచ్చాడు. పొడుగాటి మనిషి, భుజం మీద తువ్వాలు, నవ్వు ముఖం. అంతా విని తల ఊపాడు.

"నాలుగు రోజులు కట్టేత్తే మరిసిపోతాదమ్మా. గొడ్డు కదా. వచ్చే ఏడాది ఇంకోటేత్తాది."

చచ్చిన బిడ్డను గుడ్డలో చుట్టి ఇచ్చేటప్పుడు నేను అనే మాట అదే. ఏడాది తిరక్కుండా ఇంకోడు పుడతాడమ్మా, మరిచిపోతావు. ఎన్ని ఇళ్ళలో అన్నానో! విన్నవాళ్ళలో ఒక్కరు కూడా నాకు తిరిగి జవాబు చెప్పలేదు. ఒప్పుకున్నారనుకునేదాన్ని.

అయినా గవిరి ఆయనది. డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

ముఖతాడు పట్టుకుని గవిరిని బయటికి నడిపించాడు. సన్యాసి సుక్క గది తడిక వేసేలోపే పిల్ల సందులోంచి దూరి గవిరి పక్కకు చేరింది. దాన్ని పట్టుకోబోతే సుక్క తడికను రొమ్ముతో తోసుకుని వచ్చేసింది. మస్తాన్ దాని తాడు అందుకున్నాడు గాని ఆపలేకపోయాడు. ముందు రామునాయుడు, గవిరి. గవిరి పక్కన పిల్ల. వెనక సుక్క, దాని తాడుకు వేలాడుతూ మస్తాన్. అందరి వెనక వాచిన మోకాలితో నేను. పైడమ్మ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఊరు దాటి మైలు నడిచాక రామునాయుడు వెనక్కి తిరిగాడు.

"ఏటమ్మా ఇది? నాను కొన్నది ఒకటి. మూడొస్తన్నాయి!"

"నేను కొన్నవి రెండు. ఒక్కటీ నా మాట వినడం లేదు," అన్నాను.

మధ్యమధ్య ఆగి పిల్లను తాగనిచ్చాం. రెండో మైలు దగ్గర, చెరకుబళ్ళు ఎదురొస్తుండగా, పిల్ల దారి మధ్యలో ఆగింది. ముందుకాళ్ళు మడిచింది. దుమ్ములో పక్కకు ఒరిగి నిద్రపోయింది.

గవిరి ఆగిపోయింది. రామునాయుడు తాడు లాగాడు, మెడ సాగిందేగాని కాలు లేవలేదు. తిరిగి వచ్చి పిల్లకు ఇటుపక్క నిలబడింది. సుక్క అటుపక్కకు వచ్చింది. గవిరి దాన్ని చూసింది. ఇప్పుడు కరుస్తుందనుకున్నాం. చెవులు వెనక్కి వెళ్ళాయి, మళ్ళీ ముందుకు వచ్చాయి. రెండూ తలలు దించి పిల్ల మీద నీడ పడేలా నిలబడ్డాయి.

చెరకుబళ్ళు ఒకటి, రెండు, అయిదు ఆగాయి. "లేపండర్రా!" అని ఒకాయన అరిచాడు. వెనక బండిలోనుంచి ఒకావిడ దిగి వచ్చి చూసి, "ఒరే, పసిది పడుకుంటే అరుస్తావేటి? కాసేపు ఆగితే సెరుకు ఎండిపోదు," అంది. బళ్ళవాళ్ళు చుట్టలు వెలిగించారు. మాకు చెరకు ముక్కలు విరిచి ఇచ్చారు. దారి పక్కన కూర్చుని నమిలాం.

"తల్లి ఏదమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది.

"తెలియడం లేదు," అన్నాను. పదకొండేళ్ళలో ఆ ప్రశ్నకు నేను అలా జవాబు చెప్పడం అదే మొదలు.

రామునాయుడి దొడ్డి

పిల్ల లేచాక అన్నీ కలిసి బుచ్చయ్యపేటకే నడిచాయి. ఇంకో దారి తోచలేదు. రామునాయుడి దొడ్డి విశాలమైనది, చుట్టూ ముళ్ళకంప. మూడింటినీ అందులో వదిలి ఆయన మా ముందు నులకమంచం వాల్చాడు. వేడివేడి బెల్లం పాకంలో ముంచిన చెరకుముక్కలు పెట్టాడు. చాలాసేపు తల గోక్కున్నాడు.

"అమ్మా, మూడూ ఇక్కడే ఉండనియ్యండి. సెరుకాకు బోల్డుంది. పిల్ల గడ్డి కొరికే ఏలకి ఎవరి కూడా ఎల్తాదో అదే సెప్తాది."

"మరి మేత ఖర్చు?" అన్నాడు మస్తాన్.

"ఒక గుర్రానికి పెట్టే సేత్తో మూడింటికి పెడతాను. నీకు కూడా పెడతాను. నువ్వుండిపో. మా బళ్ళకి గుర్రాల పని తెలిసినవోడు లేడు."

మస్తాన్ నా వైపు చూశాడు. ఆయన్ను వదిలితే నాకు జట్కా తోలేవాడు లేడు. గుర్రమే లేనప్పుడు తోలేవాడెందుకని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్ల పాలు మానేదాకా, అంటే వానలు పడేదాకా నడవాలి. ఈలోపు ఎన్ని ఊళ్ళకు ఆలస్యంగా చేరుతానో! గుర్రం తెస్తానని ఊళ్ళో చెప్పి వచ్చినదాన్ని. ఇది తెలివైన పనో తెలివితక్కువ పనో ఇప్పటికీ తేల్చుకోలేదు. "ఉండు మస్తాన్," అన్నాను.

మర్నాడు బస్సుకు ముందు దొడ్డిలోకి వెళ్ళాను. పిల్ల సుక్క దగ్గర తాగుతోంది, వెనకనుంచి గవిరి దాని నడుం నాకుతోంది. గవిరి ముక్కు మీద నేను కొట్టిన చోట నల్లగా చెక్కు కట్టింది. దానికి ఏదో చెప్పాలని వెళ్ళాను. గుర్రానికి ఏం చెప్తారు? చెయ్యి చాచి నిలబడ్డాను.

పిల్ల పాలు వదిలి, మూతి తడిగా, నా వైపు నాలుగడుగులు వేసింది. దాని మెడ మీద చెయ్యి వేశాను. మెత్తగా, వెచ్చగా ఉంది. లోపల గుండె టకటకా కొట్టుకోవడం అరచేతికి తెలిసింది. ఇన్ని వందల పిల్లలకు మొదటి స్నానం పోశాను గాని, ఒక్క పిల్ల దగ్గర కూడా పని అయిపోయాక అలా నిలబడిపోలేదు.

అప్పుడు రెండూ తలలెత్తాయి. నలుపూ ఎరుపూ ఒక్కసారే చెవులు వెనక్కి పెట్టాయి. ఒకటి ఇటునుంచీ, ఒకటి అటునుంచీ, తొందరేమీ లేకుండా, నా మీదకు నడిచి వచ్చాయి. వాటిలో కన్నదేదో, కననిదేదో పోల్చుకోవడానికి నాకు ఒక్క గుర్తు కూడా కనిపించలేదు. నేను చెయ్యి తీసేశాను. వెనక్కి, ఇంకా వెనక్కి, వీపుకు తడిక తగిలేదాకా నడిచాను. పిల్ల వాటి మధ్యకు వెళ్ళిపోయింది.

మస్తాన్ తడిక తీసి నన్ను బయటికి రానిచ్చి, తిరిగి గొళ్ళెం పెట్టాడు.

"బస్సు టైమైందమ్మగారూ," అన్నాడు.